రోజుకు అరవై రూపాయల అనుమానం

ఆ క్రెడిట్ కార్డు కోసం పోయినవి ముందు రాసేస్తాను. శ్రీకాకుళంలో ఆటోలకు నూట అరవై రూపాయలు. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేదు కనక నరసన్నపేట నుంచి రానూపోనూ ఖర్చు పడలేదు, లేకపోతే ఈ అంకె ఇంకా పెరిగేది. జిరాక్సులు, ఫొటోలు కలిపి నూట పద్దెనిమిది. నా రిపోర్టు తీసిపెట్టిన గుమాస్తాకు రెండు వందలు. షాపు మూసిన పూటలు ఐదు, పూటకు నాలుగు వందల యాభై లాభం చొప్పున రెండు వేల రెండు వందల యాభై. బంగారం విడిపించడం ఆలస్యమైనందుకు అదనపు వడ్డీ, ముప్పై మూడు రోజులకు పంతొమ్మిది వందల ఎనభై. మొత్తం నాలుగు వేల ఏడు వందల ఎనిమిది రూపాయలు. కార్డు మాత్రం రాలేదు.

అంకెలోకి రానిది ఒకటుంది. మా తోటికోడలు నాతో నలభై ఒక్క రోజులు మాట్లాడలేదు. దీనికి రేటు కట్టడం నాకు చేతకాలేదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

మాకు నరసన్నపేటలో బడిపిల్లల యూనిఫాం గుడ్డల షాపు ఉంది. ముందు గదిలో గల్లాపెట్టె దగ్గర నేను, వెనక గదిలో కుట్టుమిషను మీద మా ఆయన. ఆయన చేతిపని మంచిది, బేరం మంచిది కాదు. ఎవరైనా రెండుసార్లు బతిమాలితే మీటరుకు మూడు రూపాయలు తగ్గించి ఇచ్చేస్తాడు. అందుకే నేను ఊరు వెళ్లవలసి వస్తే షాపు మూసే వెళ్తాను. నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు నాకు బళ్లో అబ్బలేదు. గుడ్డ కొలుస్తూ, చింపుతూ, మిగిలిన ముక్కకు ధర కడుతూ వచ్చాయి. శ్రీకాకుళంలో మా పన్ను కాగితాలు చూసే ఆడిటరు ఆఫీసులో కూడా నేను కూడిన అంకెను మళ్లీ కూడరు.

ఈ వ్యాపారంలో ఏడాది సంపాదనంతా రెండు నెలల్లో వస్తుంది. జూన్‌లో బడులు తెరుస్తారు. సరుకు మాత్రం వేసవిలోనే తెచ్చి పెట్టుకోవాలి. చేతిలో డబ్బు ఆడని నెలలోనే ఎక్కువ డబ్బు కావాలన్న మాట. పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఒకటే. ఏప్రిల్‌లో నా ఏడు తులాల బంగారం బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోవడం, ఆగస్టు మొదటి తేదీకి వడ్డీతో కట్టి విడిపించుకోవడం. మొదటి ఏడాది నలభై వేలు తెచ్చాను. ఈ ఏడాది రెండు లక్షల నలభై వేలు. నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. అంటే నెలకు పద్దెనిమిది వందలు, రోజుకు అరవై. ఒక్క ఏడాది కూడా గడువు దాటలేదు.

బంగారం నాది, అప్పు నాది, కట్టేది నేను. పేరు మాత్రం నాది కాదు.

దానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు మా నాన్న సహకార సంఘంలో ఎరువుల కోసం ఎనిమిది వందలు అప్పు తీసుకున్నాడు. వరి అమ్మగానే కట్టేశాడు. రాసుకోవలసిన గుమాస్తా రాసుకోలేదు. మరుసటి నెల బాకీదారుల జాబితా సంఘం గోడకు అంటించారు. పైనుంచి ఐదో పేరు మా నాన్నది. రసీదు చూపిస్తే కలంతో ఒక గీత గీశారు గానీ కాగితం మార్చలేదు. వానలొచ్చి అది ఊడిపోయేదాకా ఆ గీత కింద పేరు కనపడుతూనే ఉండేది. అప్పటి నుంచి నాకు రెండు అలవాట్లయ్యాయి. ఒకటి, ఎవరు రాసిన అంకెనూ నమ్మకపోవడం. రెండోది, ఏ అప్పు కాగితం మీదా నా పేరు పడనివ్వకపోవడం. అప్పు పుస్తకంలో ఎక్కడా లేని పేరే అన్నిటికన్నా శుభ్రమైన పేరని నా లెక్క.

మా వైపు ఇది వింతేమీ కాదు. బంగారం ఒకరిది, సంతకం ఇంకొకరిది. మగడికి తెలియకూడదని ఒకరు, అత్తవారి చెవిన పడకూడదని ఒకరు, చెల్లెలినో వదిననో వెంటబెట్టుకుని వెళ్లి వాళ్ల పేరున నగలు పెట్టి వస్తారు. నాకు దొరికిన పేరు మా తోటికోడలిది. అంటే మా మరిది భార్య. మాకు మూడిళ్ల అవతల ఉంటుంది. మరిది ఆటో తోలుతాడు, ఆమె కూలి పనికి వెళ్తుంది. ఏటా ఏప్రిల్‌లో ఒక రోజు, ఆగస్టులో ఒక రోజు పని మానుకుని నాతో బ్యాంకుకు వచ్చేది. నేను హోటల్లో టిఫిన్ పెట్టించేదాన్ని, ఆగస్టులో ఒక చీర కొనిచ్చేదాన్ని.

"ఈసారి ఎంతకి ఎట్టీమంటావక్కా సంతకం?" అని అడిగేది.

అంకె చెబితే, "అబ్బో, నాను లచ్చాదికారిని. మీ మరిదికి సెప్పకు, రేపట్నించి నాకు బయపడతాడు," అని నవ్వేది.

మొన్న జూలైలో గుడ్డల ఏజెంటు ఒకాయన షాపుకు వచ్చి, బంగారం ఎందుకు పెట్టడం, పెద్ద క్రెడిట్ కార్డు తీసుకోండి, యాభై రోజులదాకా వడ్డీ లేదు అన్నాడు. ఇందులో నీకేమొస్తుందని అడిగాను. ఏమీ రాదన్నాడు. కార్డు గీకితే నూటికి ఇంత అని నా బిల్లులో వేస్తావా అని మూడుసార్లు, మూడు రకాలుగా అడిగాను. మూడుసార్లూ లేదనే అన్నాడు. అప్పుడు కాగితం తీసుకున్నాను.

మామూలు కార్డుతో ముప్పై, నలభై వేలకు మించి వాడనివ్వరు. నాకు అది చాలదు. పెద్ద కార్డుకు రెండున్నర లక్షలు. ఏడాదికి ఫీజు పన్నుతో కలిపి మూడు వేల ఐదు వందల ముప్పై తొమ్మిది. బంగారం మీద నేను కడుతున్న వడ్డీ నాలుగు నెలలకు ఏడు వేల రెండు వందలు. తేడా మూడు వేల ఆరు వందల అరవై ఒక్క రూపాయి నా వైపు. మేలో సరుకు ఎత్తితే జూన్ ఇరవైకల్లా కట్టాలి. అప్పటికి ముప్పాతిక సరుకు అమ్ముడవుతుంది, మిగతాది షాపు ఖాతాలోంచి కట్టగలను. పాయింట్లు వస్తాయన్నారు, వాటికి సున్నా వేశాను. విమానాశ్రయంలో కూర్చోడానికి గది ఉచితమన్నారు. నేను విమానం ఎక్కను కాబట్టి దానికీ సున్నా. అయినా లాభమే. అన్నిటికీ మించి, బంగారం నా బీరువాలో ఉంటుంది. ఇంకొకరి సంతకం కోసం ఎదురు చూడక్కర్లేదు.

శ్రీకాకుళంలో ఒక బ్యాంకుకు వెళ్లి దరఖాస్తు పెట్టాను. ఆరేళ్ల పన్ను కాగితాలు ఇచ్చాను. ఒకటి తక్కువైందంటే మళ్లీ వెళ్లి ఇచ్చాను. పన్నెండో రోజున ఫోన్‌కు సందేశం వచ్చింది. మీ రుణ చరిత్ర పరిమితంగా ఉన్నందున ఈ కార్డు ఇవ్వలేకపోతున్నాము అని. మూడోసారి బస్సెక్కాను.

కౌంటర్లో అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. "మీ మీద తప్పేమీ లేదు మేడమ్. మీ రుణ చరిత్ర సరిపోలేదు, అంతే."

"నా పేర అప్పులెక్కువున్నాయా?"

"కాదు మేడమ్. చాలా తక్కువ ఉంది. ఈ కార్డుకి అది చాలదు."

"అప్పు నేనోలకి కార్డివ్వరు, అప్పున్నోలకి ఇస్తారా?"

"తీసుకుని సరిగ్గా కట్టినవాళ్లకి ఇస్తాం మేడమ్," అని నవ్వి, తన ముందున్న తెరను కొంచెం అటు తిప్పుకుంది.

బస్సులో కూర్చుని ఆ మాటనే లెక్క కట్టాను. చాలా తక్కువ అంది. లేదు అనలేదు. నేను జన్మలో అప్పు కాగితం మీద పేరు పెట్టలేదు. అయితే నాది సున్నా కావాలి. తక్కువ అంటే సున్నా కాదు. ఒకటో రెండో ఏదో ఉంది. నేను పెట్టనిది నా పేరున ఉందంటే ఇంకెవరో పెట్టారు. పెట్టాలంటే నా ఆధార్, పాన్ కాగితాలు వాళ్ల దగ్గర ఉండాలి. రెండేళ్ల కిందట ఇంటి స్థలం దరఖాస్తుకు మొత్తం కుటుంబానివి కావాలంటే నా జిరాక్సులు మా తోటికోడలికి ఇచ్చాను. తిరిగి అడగలేదు. పోయిన నెలలో ఆమె పద్దెనిమిది వేల ఫ్రిజ్ వాయిదాల మీద తెచ్చింది. షాపువాడు ఐదు నిమిషాల్లో ఇచ్చేశాడని తనే చెప్పింది. పన్ను కాగితాలు ఉన్న నాకు ఇవ్వనివాళ్లు కూలికి వెళ్లే ఆమెకు ఐదు నిమిషాల్లో ఎలా ఇచ్చారు? కూడితే సరిపోయింది. సరిపోయిన లెక్క తప్పు కావచ్చని నాకు అప్పుడు తోచలేదు.

జూలై ఆఖరి రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మర్నాడు బంగారం విడిపించాలి. ఆమె అరుగు మీద కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది.

"రేపు బేంకీకే గదా అక్కా? తొమ్మిదికల్లా తయారుగా ఉంటాను," అంది.

"ఉందువుగాని. ముందొకటి సెప్పు. ఆ ఫ్రిజ్జు ఎవుల పేర తీసినావు?"

"నా పేరే. ఇంకెవుల పేరుంటాది?"

"నీకు అయిదు నిమసాల్లో ఎలాగిచ్చినారు?"

"నాకేటి తెలుసు. ఆడు ఫోన్లో ఏటో నొక్కినాడు, ఇచ్చీసినాడు. ఏటక్కా, నీకూ కావాలా ఫ్రిజ్జు?"

"నా ఆధారు జిరాక్సు నీ దగ్గరున్నాది."

ఆమె చేతులు ఆగాయి. "ఉంటే?"

"నా పేరున ఏదో అప్పు కనిపిస్తన్నాదంట. బేంకీలో సెప్పినారు."

బ్యాంకులో ఆ మాట ఎవరూ చెప్పలేదు. అది నేను కట్టిన లెక్క. కానీ చెప్పినట్టే అన్నాను.

ఆమె అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేది. చేతికంటిన పొలుసు చీరచెంగుకు తుడుచుకుంది. "ఏడు తులాల బంగారం పద్నాలుగేళ్లు నా పేరున బేంకీలో ఉన్నాది. నాకు తియ్యాలనుంటే ఎప్పుడో తియ్యనేనా? పద్దెనిమిది వేల ఫ్రిజ్జుకి నీ పేరు దొంగిలిస్తానేటి?"

"ఆ మాట నాననేదు."

"అన్నావు. నెక్కలేసి మరీ అన్నావు. ఎల్లక్కా. రేపు నాను రాను."

మర్నాడు ఒక్కదాన్నే నగలు పెట్టిన బ్యాంకుకు వెళ్లాను. అది మా పక్క వీధే. నగల కౌంటర్లో గుమాస్తా మమ్మల్ని ఏళ్లుగా చూస్తున్నవాడు. "డబ్బు ఈరోజే కట్టేయొచ్చమ్మా, ఎవరైనా కట్టొచ్చు. వడ్డీ ఆగిపోతుంది. నగలు మాత్రం సంతకం పెట్టిన మనిషికే ఇస్తాం," అన్నాడు.

"నగలు పెట్టిన చీటీ నా దగ్గరుంది గదా?"

"చీటీ ఎవరి దగ్గరున్నా మనిషి ఆవిడే రావాలి."

"చీటీ పోయిందని ఆవిడే వచ్చి రాసిస్తే?"

"ఆవిడ పేరున ఉన్నవే కదా. పద్ధతి ప్రకారం రాయించుకుని ఇచ్చేస్తాం."

రెండు లక్షల నలభై ఏడు వేల రెండు వందలు షాపు ఖాతాలో సిద్ధంగా ఉన్నాయి. కట్టకపోతే రోజుకు అరవై పోతుంది. కడితే అప్పు తీరిపోతుంది, తీరిన మరుక్షణం నా ఏడు తులాలూ ఆమె ఒక్క సంతకం దూరంలో ఉంటాయి. అప్పు ఉన్నంతకాలం ఆ బంగారాన్ని బ్యాంకు కాపలా కాస్తుంది. అరవై రూపాయలకు కాపలా అనుకుని, డబ్బు కట్టకుండా తిరిగి వచ్చాను.

రోజూ సాయంత్రం గల్లా లెక్క రాసేటప్పుడు అడుగున విడిగా అరవై రాసేదాన్ని. వారం తిరిగేసరికి మా ఆయన అది చూశాడు.

"ఇదేటి, రోజూ అరవై? ఎవులికిస్తన్నావు?"

చెప్పాను. ఆయన దారం కొరికి తుంచాడు. "అరవైకి పావుకిలో సేపలొస్తాయి. పులుసెట్టుకు తింటే కడుపైనా నిండును. దీనికేటి నిండుతన్నాది?"

"పోతే నీ ఏడు తులాలు కావు గదా."

"నీయే. నానేటి కాదన్నానా? అది నా మరదలు. ఎల్లి అడుగుతాను," అని చొక్కా వేసుకుని వెళ్లాడు. గంట తర్వాత వచ్చాడు. కాఫీ ఇచ్చిందట, ఫ్రిజ్‌లోంచి చల్లని నీళ్లు ఇచ్చిందట, నగల మాట ఎత్తితే మాత్రం, "బావగారూ, మీతో నాకేటీ తగువు నేదు," అని పంపేసిందట. అందులో కూడా నాకు ఏదో కనపడింది. తగువు లేకపోతే సంతకం ఎందుకు పెట్టదు? పెట్టనన్నదంటే మనసులో వేరే లెక్క ఏదో ఉండాలి.

పంతొమ్మిదో రోజున నాలుగోసారి శ్రీకాకుళం వెళ్లాను. నా పేరున ఎవరు ఏం తీశారో తేల్చుకుందామని ఆడిటరు ఆఫీసులో గుమాస్తాను అడిగాను. అతను నా ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పించుకుని, కంప్యూటర్‌లో నా పేరున ఉన్న అప్పుల రిపోర్టు తీసి కాగితం మీద ఇచ్చాడు. నా పేరు, పుట్టిన తేదీ, చిరునామా. అప్పులున్న చోట ఖాళీ.

"తక్కువ అన్నారు గదా. ఇక్కడేటీ నేదేటి?"

"పరిమితం అనేది అందరికీ పంపే మాటేనమ్మా. ఒక్కొక్కరికి ఒక్కో ఉత్తరం రాస్తారా? మీకు అసలేమీ లేదు. ఎవరూ ఏమీ తీయలేదు." కాగితాన్ని ఇంకోసారి చూశాడు. "ఇన్నేళ్లుగా వ్యాపారం చేస్తున్నారు, ఎప్పుడూ అప్పే తీసుకోలేదా?"

"ఏటా తీసుకుంటాను. ఏటా కట్టీస్తాను."

"ఎవరి పేరున?"

చెప్పాను. అతను కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే మీ మంచిపేరంతా ఆవిడకి వెళ్లిందమ్మా. మీరు పద్నాలుగేళ్లు గడువు తప్పకుండా కట్టారు చూడండి, అదంతా ఆవిడ కట్టినట్టు. ఏ షాపులో అడిగినా ఆవిడకి ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తారు."

"ఫ్రిజ్జు కూడానా?"

"ఫ్రిజ్జేమిటి, బండి అడిగినా ఇస్తారు."

రెండు వందలు అతని చేతిలో పెట్టి బయటికి వచ్చాను. మొదట అనుమానం అతని మీదికే పోయింది, ఇతనికి ఇవన్నీ ఎంతవరకు తెలుసని. బస్సులో నరసన్నపేట వచ్చేలోపు లెక్కను నాలుగు వైపుల నుంచి వేశాను. ఎటు నుంచి వేసినా అతను చెప్పిందే వచ్చింది. నేను దాచుకున్న పేరును ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని ఎవరూ ఎరగరు, అంతే. ఎరిగిన పేరు మా తోటికోడలిది, ఆ పేరును నిలబెట్టిన డబ్బు నాది, ఆ మనిషిని దొంగ అన్నది నేను.

ఆ రోజే వెళ్లి డబ్బు కట్టేసి ఉంటే ఈ కథ పొట్టిదయ్యేది. కట్టలేదు. తప్పు నాదని తేలాక నా భయం తగ్గకపోగా పెరిగింది. అంతకుముందు నా బంగారం ఒక దొంగ చేతిలో ఉందనుకున్నాను. ఇప్పుడు అది నేను అవమానించిన మనిషి చేతిలో ఉంది. దొంగకైతే ఒక్క ఆశే ఉంటుంది. అవమానపడ్డ మనిషికి హక్కు కూడా ఉంటుంది. ఆమె నగలు తీసేసుకుని, పద్నాలుగేళ్ల సంతకాలకు సరి అంటే నేను ఏ కాగితం చూపించగలను? ప్రతి కాగితం మీదా ఆమె పేరే. రెండుసార్లు వాళ్ల అరుగుదాకా వెళ్లాను. రెండుసార్లూ నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వేయలేదు. అలా ఇంకో పద్నాలుగు రోజులు, పద్నాలుగు అరవైలు.

ముప్పై మూడు అరవైలు రాసిన మర్నాడు, పుస్తకంలో ఆ వరుసను పైనుంచి కిందికి చూశాను. నేను రాసిన ఖర్చులన్నిటికీ ఎదురుగా ఏదో ఒక వస్తువు ఉంటుంది, గుడ్డో దారమో కరెంటో. ఈ వరుసకు ఎదురుగా ఏమీ లేదు. బ్యాంకుకు వెళ్లి రెండు లక్షల నలభై తొమ్మిది వేల నూట ఎనభై కట్టేశాను. రసీదు, దానితోపాటు నగలు పెట్టిన చీటీ తీసుకుని తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. ఈసారి ఆమె లోపలికి వెళ్లేలోగా మాట్లాడేశాను.

"డబ్బు కట్టీసాను. నగలు నువ్వెప్పుడెల్లినా ఇచ్చీస్తారు. సీటీ కూడా ఇదిగో. నాను రానక్కర్నేదు."

ఆమె రెండు కాగితాలూ తీసుకుంది. చదవలేదు. ఫ్రిజ్ మీద పెట్టి, పైన దువ్వెన బరువు పెట్టింది.

ఆ తరువాతి వారం నా జీవితంలో నేను ఎక్కువ లెక్కలు వేసిన వారం. ఏడు తులాలు అమ్మితే ఎంత, వాళ్ల అప్పులెంత, మరిది ఆటోకు కొత్త ఇంజను ఎంత. షాపులో కూర్చుని వీధిని చూస్తూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున్న పదకొండుకు ఆమె పెద్ద సంచితో బ్యాంకు వైపు నడిచి వెళ్తూ కనపడింది. షాపు మూసి వెనకాలే వెళ్లాను. బ్యాంకు మెట్లు దాటి వెళ్లిపోయింది. సందు తిరిగింది. చేపల బజారు. నేను ఒక తూకపు బల్ల వెనక నిలబడి, ఆమె బేరమాడి చేపలు కొనుక్కుని వెళ్లేదాకా చూశాను. షాపుకు తిరిగొచ్చేసరికి ముగ్గురు గిరాకీలు వచ్చి వెళ్లిపోయారని పక్క షాపువాడు చెప్పాడు.

నలభై ఒక్క రోజులు నిండిన మర్నాడు, షాపు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో చీటీ, రసీదు.

"పద. సంతకం ఎడతాను," అంది.

కౌంటర్లో సంతకం పెట్టింది. గుమాస్తా సీలు తీసి, సంచీలోంచి నగలు ఒక్కొక్కటీ బయటికి తీశాడు. గొలుసు, నాలుగు గాజులు, నల్లపూసలు, రెండు ఉంగరాలు, చెవులవి. తూకం వేశాడు. నేను చూపు మరల్చుకుందామనుకున్నాను. నా వల్ల కాలేదు. అంకె చూశాను, ఏప్రిల్‌లో రాసిన అంకెతో సరిచూశాను.

"సూసుకో అక్కా, బాగా సూసుకో," అంది ఆమె. "గొలుసు సేపల బజార్లో అమ్మీసినానేమో. అవునుగానీ, నా ఎనకాల వచ్చినదానివి ఏటైనా కొనొచ్చు గదా. అంతసేపు ఊరికే నిలబడితే ఆ సేపలోడేటనుకుంటాడు?"

గుమాస్తా తల దించుకుని నవ్వాడు. నేను నగలు మూటగట్టి సంచీలో వేసుకున్నాను.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాం. "తప్పు నాది," అన్నాను. "నువ్వు సేసిందేటీ నేదు. ఆడిటరు ఆఫీసులో తేలింది. నాను కట్టినదంతా నీ పేరుకే పోయిందంట."

"నాకు తెలుసు. ఫ్రిజ్జు షాపోడు ఆ రోజే సెప్పినాడు, నీ రికార్డు గట్టిగున్నాదమ్మా అని. ఇదంతా మా అక్క సలవే అన్నాను ఆడితో. ఆ మాట నీకు సెబుదామనుకున్నాను. నువ్వు జిరాక్సు మాటెత్తినావు."

నాకు తెలిసిన దారి అదొక్కటే కాబట్టి, "నీ పేరు వాడుకున్నందుకు నూటికింతని అద్దె కట్టి ఇస్తాను," అన్నాను.

"పేరుకి అద్దేటి? మనిషికి మనిషి ఇచ్చిన పేరది. ఆ మాట ఇంకోపాలి అనకు." రసీదును నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. "కూలియ్యి. నీకోసం పని మానుకుని వచ్చిన రోజులకి కూలి. అది కట్టు. నువ్వు నెక్కల మనిషివి గదా, పద్నాలుగేళ్లలో ఒక్కపాలి కట్టినావా అది?"

కట్టలేదు. బ్యాంకు మెట్ల మీదే నిలబడి కట్టాను. ఏడాదికి రెండు రోజులు, పద్నాలుగేళ్లకు ఇరవై ఎనిమిది రోజులు. మొదటి నాలుగేళ్లు కూలి నూట యాభై, పన్నెండు వందలు. తరువాత ఐదేళ్లు రెండు వందల యాభై, ఇరవై ఐదు వందలు. ఆ తరువాత ఐదేళ్లు నాలుగు వందలు, నాలుగు వేలు. మొత్తం ఏడు వేల ఏడు వందలు.

అక్కడ నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది. "సీరలు పద్నాలుగు..."

"సీరలు నువ్వెట్టినావు. నానడిగానేటి?" అంది. "తీసీస్తావా, తీసీ. ఇంటికెల్లి పద్నాలుగూ మూటగట్టి అంపిస్తాను. రెండు పాతగుడ్డలైపోయినాయి, మసిగుడ్డలకి ఎంతేస్తావో నువ్వే సూడు."

చీరలు తీయలేదు. సంచీలోంచి డబ్బు తీయబోయాను. ఆమె నా చేయి మీద చేయి వేసి ఆపింది.

"ఇప్పుడొద్దు. ఒకేసారి ఇచ్చీసి సేతులు దులుపుకుందామనుకుంటన్నావు. నెలకి ఏడొందలు. ఐదో తారీకున మా ఇంటికి వచ్చి, కూకుని, టీ తాగి ఇయ్యి. ఒక నెల రాకపోతే మీ షాపు కాడికి వచ్చి అందరి ముందూ అడుగుతాను."

నా పుస్తకంలో అప్పటిదాకా ఇవ్వవలసినవాళ్ల వరుసలో నా పేరు లేదు. ఆ రోజు రాశాను, నా పేరు, ఎదురుగా ఆమె పేరు, అంకె. కింద ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను.

మూడు వాయిదాలు కట్టాను. రెండో నెలలో రెండు నెలలవి కలిపి ఇవ్వబోతే, సగం నోట్లు లెక్కపెట్టి తిరిగి నా చేతిలో పెట్టింది. ప్రతి నెలా సంతకం తీసుకుంటున్నాను, తీసుకోకుండా లేవలేను. ఆమె కూడా నేను రాసిన అంకె పైకి చదివించుకునే సంతకం పెడుతుంది. మొన్న ఐదో తేదీన నేను చదివి వినిపించింది ఇది. అసలు ఏడు వేల ఏడు వందలు, కట్టింది రెండు వేల వంద, నా పేరున బాకీ ఐదు వేల ఆరు వందలు.